నీటిలోని యెరువును పట్టు పదార్థములు

మూడు కుండల వడపోతను గూర్చి మన సోదరీమణులలో చాలమంది చిన్ననాడు ఆరోగ్యశాస్త్ర పాఠమున చదివియే యుందురు. కొయ్యచట్రముమీద ఒకదానిపై నొకటిగా మూడు కుండలు; పై కుండలో చెఱువునీరు, నడిమి కుండలో గులకరాళ్ళు, ఇసుక, బొగ్గు, అడుగు కుండలో తేటనీరు. పాఠమును వల్లించినవారు పెక్కుమందియే గాని, ఇంట కట్టి వాడినవారు కొలదిమంది. మేము ఆ కొలదిమందిలోని వారము. ఇసుక చేయు పని చూచినంతనే తెలియును. నలకలు దానిలో చిక్కుకొనును. మఱి బొగ్గు చేయు పని యేమి? అదియు ఇసుకవంటి జల్లెడయేనా? అట్లయినచో ఇసుకయే చాలును గదా! ఇంటిలోని పిల్లలు ఇట్లడిగినప్పుడు మాకు వెంటనే సమాధానము తోచలేదు. వెదకబోయిన కొలది, ఆ బొగ్గుకథ మన పొలములకును, బావులకును, పసిబిడ్డల పాలసీసాలకును సంబంధించినదని తెలిసివచ్చెను.

ముందుగా ఇంటిలో చేసి చూడదగిన చిన్న పరీక్ష యొకటి చెప్పెదము. రెండు గాజుగ్లాసులలో నీరు తీసికొని, ఒకదానిలో రెండు చుక్కల సిరాయు, రెండవదానిలో చెంచెడు ఉప్పును కలుపవలెను. మెత్తగా నూఱి కడిగిన బొగ్గుపొడిని గుప్పెడేసి రెంటిలోను వేసి, బాగుగా కలియబెట్టి, ఒక పూట యుంచి, దళసరిగుడ్డతో వడకట్టవలెను. సిరానీటి రంగు చాలవఱకు వెలవెలబోవును. పొయ్యిబొగ్గుతో పూర్తిగా పోదు. కర్మాగారములలో ఆవిరిపట్టి తయారుచేయు బొగ్గయినచో మిగులకుండ పోవును. ఇక ఉప్పునీటిని రుచి చూడుడు. (రుచి చూడవలసినది ఉప్పునీటినే సుమా!) వేసిన ఉప్పు వేసినట్లే యుండును. బొగ్గు కొన్నింటిని పట్టును, కొన్నింటిని పట్టదు. పట్టనివాటిలో ఉప్పుకంటె ప్రమాదమైనది మన బావినీటిలో నొకటి కలదు. దానికి రుచియు లేదు, రంగును లేదు.

పట్టుట యనగా నెట్లు? ఇందు రెండు విధములు కలవు. కాగిన నూనెలో వేసిన వడ నూనెను పీల్చుకొనును; నూనె వడ లోపలి కెల్ల వ్యాపించును. ఇది శోషణము. గడపకు పసుపు రాచితిమనుకొనుడు. పసుపు కఱ్ఱలోపలికి పోదు, పైభాగమునకు మాత్రము అంటుకొని నిలుచును. ఇది అధిశోషణము. బొగ్గు చేయునది రెండవ పని. సిరాలోని రంగు బొగ్గుముఖమునకు అంటుకొనును. అయితే చిటికెడు బొగ్గుపొడికి ముఖమెంత యుండును, అది యెంతరంగును పట్టగలదు అని సందేహము కలుగవచ్చును. బొగ్గులోపల కంటికి కనబడని సన్నని రంధ్రములు లెక్కకు మిక్కిలిగా నుండును. ఆ రంధ్రముల గోడలన్నియు విప్పి పఱచినచో, బాగుగా తయారుచేసిన బొగ్గు ఒక్క గ్రామునకు సుమారు 1,000 చదరపు మీటర్ల వైశాల్యముండును. మన లెక్కలో చెప్పవలెనన్న పాతిక సెంట్ల నేల! చిటికెడు పొడిలో ఇల్లు, పెరడు, పశువులపాక పట్టునంత స్థలము ముడుచుకొనియున్నది. 1785 లో రష్యాలో లోవిట్జ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు బొగ్గు ద్రవముల రంగును హరించుటను కనిపెట్టెను. అధిశోషణమునకు సరియైన శాస్త్రనామము ఐరోపాలో 1881 లోగాని వాడుకకు రాలేదు.

ఇప్పుడు నీటిలోని యెరువు మాట. మురికి యన్నంతనే మనకు తోచునది దుర్గంధము, క్రిమి, విషము. కాని నేడు లోకమున చెఱువులను, నదులను ఎక్కువగా పాడుచేయుచున్న పదార్థములు విషములు కావు, ఆహారములు. పైరు పెరుగుటకు వలసిన నత్రజని, భాస్వరము అనునవియే. యూరియాలో నున్నది నత్రజని. సూపరుఫాస్ఫేటులో నున్నది భాస్వరము. పశువుల పేడలోను, మానవుల మలమూత్రములలోను, కొన్ని బట్టల సబ్బుపొడులలోను ఇవి యుండును. పొలమున నున్నంతకాలము లక్ష్మియే. చెఱువున పడినంతనే నాచునకును, గుఱ్ఱపుడెక్కకును మేతయగును. ఒక పాలు భాస్వరము దొరకినచో సుమారు నూఱు పాళ్ళు ఎండునాచు పెరుగగలదు. ఆ నాచు చచ్చి కుళ్ళునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించిపోవును, చేపలు తేలిపోవును. బిడ్డకు అతిగా తినిపించి అజీర్ణము తెచ్చినట్లే యిది.

మఱి పొలమున వేసిన యెరువు ఎట్లు నీటిలోనికి వచ్చుచున్నది? నేల దానిని పట్టి యుంచదా? ఈ ప్రశ్నను ఇంగ్లండులోని యార్కుషైరు భూస్వామి థామ్సన్ అను నాతడు 1845 ప్రాంతమున వేసికొనెను. ఆయన మట్టిని నింపిన గొట్టములో అమ్మోనియా యెరువు కలిపిన నీరు పోసి చూచెను. క్రిందికి కాఱిన నీటిలో అమ్మోనియా చాలవఱకు లేదు. దానికి బదులు సున్నపుపదార్థము వచ్చినది. మట్టి అమ్మోనియాను తీసికొని తనలోని సున్నమును ఇచ్చివేసినదన్నమాట! ఇంగ్లండు రాజకీయ వ్యవసాయ సంఘమువారి రసాయనజ్ఞుడు వే యనునాతడు దీనిని విస్తారముగా పరీక్షించి 1850 లోను, 1852 లోను ప్రకటించెను. మన యూళ్ళలో గింజలు కొలిచి యుప్పు తీసికొన్నట్లే, మట్టి ఒకటి పుచ్చుకొని వేఱొకటి యిచ్చుచున్నది. నేటి నీటిశుద్ధి యంత్రములలో కొన్ని ఈ బేరముమీదనే నడచుచున్నవి.

ఈ సంగతి చదివిన తరువాత మాకు మన నేలలు వేఱుగా కనబడసాగినవి. మన రేగడిమట్టిని తీసికొనుడు. దానిలోని జిగటపలుకులకు ఋణవిద్యుత్తు కలదు. అమ్మోనియా అయానునకు ధనవిద్యుత్తు. కావున రేగడి అమ్మోనియాను గట్టిగా పట్టును. ఎఱ్ఱనేలను తీసికొనుడు. దాని యెఱుపు ఇనుపతుప్పు. ఇనుము, అల్యూమినియము అను లోహముల ఆక్సైడులు భాస్వరమును ఎంత గట్టిగా పట్టునన్న, ఎఱ్ఱనేలలలో వేసిన సూపరుఫాస్ఫేటులో కొంతభాగము మొక్కకే అందకుండ పోవును. సేద్యగాండ్రకు ఇది నష్టము. నీటిని శుభ్రపఱచువారికి ఇదియే మార్గము. ఒకే భూమిలో అమ్మోనియాను పట్టు మన్ను నొకటి, భాస్వరమును పట్టు మన్ను నొకటి. ఇంతవఱకు బాగుగనే యున్నది.

కాని నత్రజనికి వేఱొక వేషము కలదు. నేలలోని సూక్ష్మజీవులు అమ్మోనియాను కొలదిదినములలో నైట్రేటుగా మార్చును. నైట్రేటునకు ఋణవిద్యుత్తు. రేగడికిని ఋణవిద్యుత్తే గనుక అది దానిని దగ్గఱకు రానీయదు. ఎఱ్ఱమట్టియు దానిని లెక్కింపదు. మన కుండలోని బొగ్గు సరేసరి. ఉప్పువలె కరగి, నీరు పోయినచోటి కెల్ల పోయి, తుదకు భూగర్భజలములో చేరును. పెరటి పెంటదిబ్బనుండియు, మరుగుదొడ్డి గోతినుండియు, అడిగినదానికంటె ఎక్కువగా యూరియా వేసిన పొలమునుండియు ఇట్లే దిగును. ఎవ్వరును పట్టనిది ఇదియొక్కటే. పసిబిడ్డకు హానిచేయునదియు ఇదియే.

1945 లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున కామ్లీ యను వైద్యుడు, పల్లెటూరి సేద్యపు కుటుంబముల పసిబిడ్డల నిద్దఱిని గూర్చి వ్రాసెను. బిడ్డల పెదవులు, గోళ్ళు, చర్మము నీలివన్నెకు తిరిగినవి. గుండెజబ్బు కాదు. బిడ్డలకు సీసాపాలు పట్టుచున్నారు. ఆ పాలు కలిపినది ఇంటి బావినీటితో. ఆ నీటిలో నైట్రేటు మెండుగా నుండెను. పసిబిడ్డ కడుపులో నైట్రేటు నైట్రైటుగా మారి, రక్తములోని ఎఱ్ఱపదార్థమును ప్రాణవాయువు మోయజాలని విధముగా మార్చివేయును. బిడ్డ ఊపిరి పీల్చుచునే యుండును, కాని ఊపిరి ఒంటికి అందదు. ఈ వ్యాసము వెలువడిన తరువాత అమెరికాలో వెదకగా, 1951 నాటికి ఇట్టి శిశువులు 278 మంది లెక్కకు వచ్చిరి. వారిలో 39 మంది మరణించిరి. తల్లులెవ్వరును అజాగ్రత్తగా నున్నవారు కారు. నీరు తేటగా నున్నది, వాసన లేదు, ఇంటివారందఱు త్రాగుచున్నదే. పెద్దవారికి అంతలో కీడు చేయనిది, ఆఱునెలలలోపు బిడ్డకు, అందును మూడు నెలలలోపు పసికందునకు చాల కీడు చేసినది. విరేచనములతో బాధపడు బిడ్డకు ఈ యపాయము హెచ్చని తరువాతి పరిశోధకులు చెప్పిరి. కావున కొన్ని శిశువుల విషయమున బావిలోని క్రిములకును పాలుండవచ్చును.

ఇచ్చట మన సోదరీమణులు గట్టిగా జ్ఞాపకముంచుకొనవలసిన విషయమొకటి కలదు. నీటిని కాచుట మన కందఱకు తెలిసిన మంచి యలవాటు, క్రిములు చచ్చును. కాని కాచినందున నైట్రేటు పోదు. పోవుటకు మాఱు నీరు ఆవిరియై తగ్గి, నైట్రేటు చిక్కబడును. అతిప్రేమతో అరగంటసేపు మరిగించిన నీరు పసిబిడ్డకు ఎక్కువ చెఱుపు చేయవచ్చునన్న మాట వినుటకు వింతగా నుండును గాని నిజము. చనుబాలు త్రాగు బిడ్డకు ఈ భయము లేదు. తల్లి త్రాగిన నీటిలోని నైట్రేటు పాలలోనికి అంతగా దిగదు. సీసాపాలు తప్పనిసరియైన యింట, బావిదో బోరుదో నీరయినచో, ముందుగా పరీక్ష చేయింపవలెను. గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలలు జిల్లాలలో నున్నవి. మన దేశపు ప్రమాణమున త్రాగునీటి లీటరులో నైట్రేటు 45 మిల్లీగ్రాములకు మించరాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారిది 50. పరీక్షాపత్రమును చదువునప్పుడు ఒక చిక్కు కలదు. కొన్ని చోట్ల లెక్కను నైట్రేటుగా గాక నత్రజనిగా వ్రాయుదురు. నత్రజని లెక్కలో 10 యనగా నైట్రేటు లెక్కలో సుమారు 45. పత్రమున 12 అని చూచి, 45 కంటె చాల తక్కువగదా యని సంతోషించినచో మోసపోదుము. బిడ్డ పెదవులు నీలివన్నెకు తిరిగినచో ఒక్క గడియయు ఆలసింపక ఆసుపత్రికి కొనిపోవలెను. దీనికి మందు కలదు, వైద్యుడు రక్తనాళమున ఎక్కింపవలసినది.

దుకాణములలో అమ్ము వడపోతపెట్టెలలో బొగ్గు మాత్రమే యున్నవి క్లోరిను వాసనను తీసివేయును, కొన్ని పురుగుమందులను పట్టును, నైట్రేటును పట్టవు. ఇది అమ్మువాడు సాధారణముగా చెప్పడు, మనము అడుగము. ఆర్.ఓ. యంత్రము నైట్రేటును చాలవఱకు తగ్గించును, కాని వచ్చిన నీటిలో కొంతభాగమును బయటికి పాఱబోయును. వేఱొక ఉపాయము కృత్రిమముగా తయారుచేసిన రెజిను గుళికలు. థామ్సను మట్టిగొట్టములో జరిగిన బేరమే వీనిలో తలక్రిందులుగా జరుగును; గుళిక తనలోని క్లోరైడును ఇచ్చి నైట్రేటును పుచ్చుకొనును. నిండిన గుళికలను గాఢమైన ఉప్పునీటితో కడిగినచో మరల పనికివచ్చును. కామ్లీ వైద్యుని అయోవాలోనే డెమాయిన్ నగరమువారు 1992 నుండి ఇట్టి గొప్ప యంత్రాగారమును నడుపుచున్నారు. అయితే సాధారణ రెజినునకు నైట్రేటుకంటె సల్ఫేటుపై మోజు హెచ్చు. గుళికలు నిండినను కడుగక వాడినచో, వచ్చిన సల్ఫేటును చేర్చుకొని, లోపలనున్న నైట్రేటును ఒక్కసారిగా వెళ్ళగొట్టును. అప్పుడు యంత్రములోనికి పోయిన నీటికంటె వెలుపలికి వచ్చిన నీరే చెడ్డదగును! కడిగిన ఉప్పునీటినేమి చేయవలెననునది వేఱొక తలనొప్పి.

ఇక చెఱువుల సంగతి. బావికి నైట్రేటు ఎట్టిదో చెఱువునకు భాస్వరము అట్టిది. కెనడాలోని ఆంటారియోలో 226వ సంఖ్యగల చిన్నసరస్సును 1973 లో షిండ్లరు అను శాస్త్రజ్ఞుడు నడుమ తెఱకట్టి రెండు భాగములుగా చేసెను. రెండింటిలోను కర్బనము, నత్రజని వేయించెను. ఒకదానిలో మాత్రము భాస్వరమును గూడ వేయించెను. కొలదివారములకే భాస్వరమున్న సగము పచ్చని చారువలె మారినది, రెండవ సగము నల్లగా తేటగా నిలిచినది. విమానమునుండి తీసిన ఆ ఛాయాచిత్రము ఎన్ని వాదములనో ఆపివేసినది. ఇట్టి నాచులలో కొన్ని విషమును గూడ పుట్టించును. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరమువారు, ఈరీ సరస్సునుండి వచ్చు కొళాయినీటిలో అట్టి విషము చేరినందున, సుమారు మూడు దినములు ఆ నీటిని త్రాగరాదనియు, కాచియు త్రాగరాదనియు ఆజ్ఞాపింపవలసివచ్చెను. నాలుగైదు లక్షల జనము సీసానీటికై వరుసలు కట్టిరి. ఆ విషమును పట్టుటకు నీటి కర్మాగారమువారు ఎక్కువగా వేసినది మన కుండలోని బొగ్గుపొడికి చుట్టమైన పొడియే. నాచునకు మేతయైన భాస్వరమును పట్టలేని బొగ్గు, నాచు కక్కిన విషమును పట్టగలదు.

మన హుస్సేను సాగరము ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున 1562 ప్రాంతమున త్రవ్వించినది. 1920 లో ఉస్మాన్ సాగరము, 1927 లో హిమాయత్ సాగరము వచ్చు వఱకు హైదరాబాదునకు నీరిచ్చిన చెఱువు అది. తరువాత పట్టణము పెరిగి, మురుగు దానిలోనికి దిగి, త్రాగుటకు గాదుగదా, ఒడ్డున నిలుచుటకే కష్టమైన దినములు వచ్చినవి. కొల్లేటి సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. కృష్ణా గోదావరుల నడుమనున్న ఆ మంచినీటి సరస్సు చేపలచెఱువుల నడుమ చిక్కి, గుఱ్ఱపుడెక్కతో నిండినది.

ఆడువారు పూనుకొన్నచో ఏమి జరుగునో జపానులోని బివా సరస్సు చెప్పును. అది ఆ దేశమున నెల్ల పెద్ద సరస్సు. సుమారు 670 చదరపు కిలోమీటర్లు. క్యోటో, ఒసాకా నగరములు ఆ నీటినే త్రాగును. 1977 మే నెలలో ఆ సరస్సుమీద నాచు విరివిగా పెరిగి నీరు ఎఱ్ఱబారి కంపుకొట్టెను. వెదకగా, అందు చేరుచున్న భాస్వరములో గణనీయమైన భాగము ఇండ్లలోని బట్టల పొడినుండి వచ్చుచున్నదని తేలినది. అప్పటికే పసిబిడ్డల చర్మమునకు ఆ పొడులు పడుటలేదని అనుమానించుచున్న తల్లులు, షిగా రాష్ట్రమున గృహిణులు, ఆ పొడులను మానివేసి నూనెతో చేసిన పాతకాలపు సబ్బుపొడికి మరలిరి. వాడిన వంటనూనెను ఇంటింట ప్రోగుచేసి సబ్బు చేయించిరి. సబ్బుపొడి చల్లని నీటిలో సరిగా కరగదు, బట్టలు పసుపుపచ్చబారును, వారు ఓర్చుకొనిరి. 1979 లో ఆ రాష్ట్ర శాసనసభ భాస్వరముగల పొడుల విక్రయమును, వాడుకను నిషేధించెను. 1980 జూలై 1 నుండి అది అమలులోనికి వచ్చెను. ఆ దినమును నేటికిని బివా దినమని పాటించుచున్నారు.

తరువాతి కథ కొంత చమత్కారముగా నున్నది. కంపెనీలవారు ఓడిపోయి యూరకుండలేదు. భాస్వరమునకు బదులు జియొలైటు అను రాతిపొడిని కలిపి క్రొత్తపొడులు తెచ్చిరి. గృహిణులలో చాలమంది సబ్బును వదలి వానికి మరలిరి. ఉద్యమము నడిపినవారికి ఇది నిరాశ కలిగించినమాట నిజమే. కాని సరస్సునకు భాస్వరము తప్పినది గదా! మాకు తోచినంతవఱకు ఇందు ఓటమి లేదు.

ఈ జియొలైటు మన కథలోనికి రెండుసార్లు వచ్చును. 1756 లో స్వీడనులో క్రాన్‌స్టెట్ అను ఖనిజశాస్త్రజ్ఞుడు ఒక రాతిని కాల్చగా అది నీటిని కక్కి పొంగులు వాఱినది. అందుచేత గ్రీకుభాషలో “మరుగు రాయి” యను నర్థము వచ్చునట్లు పేరిడెను. దాని లోపల తేనెపట్టువలె ఒకే కొలత గదులుండును. గదుల గోడలకు ఋణవిద్యుత్తు. బట్టలు ఉతుకునప్పుడు నీటిలోని సున్నమును పట్టి మృదువు చేయుట దీని యొక పని. అమ్మోనియాను పట్టుట మఱియొక పని. దక్కను నల్లరాతి బోలులలో పూణా, నాసికు ప్రాంతముల దొరకు జియొలైటు స్ఫటికములు లోకమందలి ప్రదర్శనశాలలలో నున్నవి. మన కోస్తాజిల్లాలలోని చేపల, రొయ్యల చెఱువుల రైతులకు ఈ రాతిపొడి చిరపరిచితము; అమ్మోనియా హెచ్చినదనగానే బస్తాలు తెచ్చి చల్లుదురు. మంచినీటి చెఱువులో ఇది కొంత పనిచేయును. కాని ఉప్పునీటి రొయ్యలచెఱువులో? సముద్రపు ఉప్పులోని సోడియము వేలకొలదిగా ముందే వచ్చి గదులన్నింటిలో కూర్చుండును; అమ్మోనియాకు చోటు చాలవఱకు దొరకదు. పెండ్లివారు రాకముందే పేరంటాండ్రు పీటలన్నియు ఆక్రమించినట్లన్నమాట. బస్తాలకు పోసిన డబ్బు చాలవఱకు నీటిలో పోసినట్లే. రొయ్యల సాగులో భర్తకు లెక్కలు వ్రాసిపెట్టు ఇల్లాండ్రు మన చదువరులలో నున్నారు గనుక ఈ మాట ప్రత్యేకముగా వ్రాసితిమి.

భాస్వరమును పట్టువాటిలో మొదటిది మనకు తెలిసిన పటికయే. పటిక చిల్లగింజవలె మట్టిని అడుగునకు దింపుటయే గాక, దానిలోని అల్యూమినియము భాస్వరమును గూడ పట్టుకొనును. నగరములలో పటికతో నీటిని తేర్చిన పిమ్మట మిగులు బురదను వృథాగా పాఱవేయక, మురుగునీటిలోని భాస్వరమును పట్టుటకు వాడవచ్చునని పరిశోధకులు నిరూపించిరి. ఇనుపతుప్పు పూసిన ఇసుక, ఎఱ్ఱని లాటరైటు రాయి, ఊకను గాలి తగులకుండ కాల్చిన బొగ్గు, ఇట్లు చౌకయైన వస్తువులెన్నో పరీక్షింపబడుచున్నవి. ఊకబొగ్గు తనంతట భాస్వరమును పట్టదు. ఇనుమో మెగ్నీషియమో దానికి పూసినచో పట్టును. పత్రికలలో “ఊకతో చెఱువులు బాగు” అను వార్త చదివినప్పుడు ఈ పూత సంగతి వ్రాసినారా లేదాయని చూడుడు. ప్రయోగశాలలో శుద్ధజలమున కలిపిన భాస్వరమును పట్టుట సులభము. మురుగునీటిలోని నానావిధములైన పదార్థముల నడుమ దానినొక్కదానిని ఏఱి పట్టుట కష్టము.

ఇట్లు ఏఱుటలో సమర్థమైనది ల్యాంతనము అను అరుదైన లోహము. ఆస్ట్రేలియాలోని సి.ఎస్.ఐ.ఆర్.ఓ. వారు 1990 తరువాతి దశాబ్దమున బెంటొనైటు అను జిగటమన్నులోనికి ఈ లోహమును ఎక్కించి, ఫాస్‌లాక్ అను పేర నొక పదార్థమును సిద్ధపఱచిరి. ఒక్కొక్క ల్యాంతనపు అయాను ఒక్కొక్క ఫాస్ఫేటును పట్టి, ఇంక వదలని రాయిగా చేయును. నీటిమీద చల్లినచో దిగునప్పుడు నీటిలోని భాస్వరమును పట్టి, అడుగున దుప్పటివలె పఱచుకొని, బురదనుండి పైకి వచ్చు భాస్వరమును గూడ ఆపును. ఈ రెండవ పనియే ముఖ్యము. మురుగు కాలువలు మూసివేసిన తరువాతను పాతచెఱువు ఎన్నియో యేండ్లు పచ్చగనే యుండుటకు కారణము, అడుగుబురదలో దాచుకొన్న భాస్వరమే. నెదర్లాండ్సులోని రౌబ్రాకెన్ అను చిన్నసరస్సులో 2008 లో ముందు నాచును ముంచి, తరువాత ఈ మన్ను పఱచిరి, నీరు తేటపడినది. కాని మురుగు వచ్చుచునే యున్న చెఱువులో ఎంత పఱచినను, నిండిన దుప్పటిమీద మఱల క్రొత్తబురద చేరును. మెత్తని నీటిలో ల్యాంతనము కొంత విడివడి జలచరములకు హాని చేయునేమో యను భయమును గలదు. అందుచేత త్రాగునీటి చెఱువులలో వేయుటకు ముందు నీటిగుణమును పరీక్షింపవలెను.

నిండిన పదార్థమును ఏమి చేయుదురు? అడుగున పఱచిన ల్యాంతనపు మన్ను అక్కడనే యుండిపోవును. అందలి భాస్వరము మరల పైరునకు పనికిరాదు. మన దేశమునకు కావలసిన ఫాస్ఫేటు చాలవఱకు పరదేశములనుండి కొని తెచ్చుకొనుచున్నదే గనుక, ఇట్లు పూడ్చివేయుట మాకు కొంత బాధగనే తోచుచున్నది. మెగ్నీషియము పూసిన ఊకబొగ్గును అట్లుగాక తీసి పొలములో వేయవచ్చును; పట్టిన భాస్వరమును మెల్లమెల్లగా మొక్కకు వదలును. అమ్మోనియాతో నిండిన జియొలైటును అంతే. అయితే మురుగులో ముంచి తీసిన పదార్థమునకు సీసము, క్రోమియము వంటి లోహములు గూడ అంటియుండునేమో ముందుగా చూచుకొనవలసియుండును. కర్మాగారముల మురుగు కలిసిన కాలువలలోని దానిని కూరమళ్ళలో వేయరాదు.

మా వడపోతలోని బొగ్గును నెల కొకసారి మార్చుచున్నాము. పాతదానిని ఎండబెట్టి కరివేప మొదట వేయుట మా యింటి యలవాటు. పిల్లలిప్పుడు అడుగు కుండలోని నీటిని సీసాలో పట్టుకొని పరీక్షకు పంపుమని పట్టుబట్టుచున్నారు. ఇంటి బావికి పెంటదిబ్బ ఇరువదియడుగుల దూరముననే యున్నది. ముందు దానిని కదలింపవలసియున్నది.